మా వీధిలో మ్యూకాయిడ్

ఆ ఏడు చలికాలమంతా మా నాయనకు దగ్గు తగ్గలేదు. మేము నందికొట్కూరు నేతగాళ్లం. మగ్గానికి ఎక్కించే నిలువు పోగులను, అంటే పడుగును, వీధి పొడవునా చాచి, గంజి పెట్టి, రెండు పక్కలా మనుషులు నిలబడి కుంచెలతో దువ్వాలి. ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదు, ఇరుగుపొరుగు రావాలి. నాయనది క్షయ అని ఎవరో అన్నారు. అంతే, మా పడుగు మీద చెయ్యి వేయడానికి ఒక్కరూ రాలేదు. పడుగు లేకపోతే మగ్గం ఆడదు, మగ్గం ఆడకపోతే మా పొయ్యి వెలగదు.

నేనప్పుడు కర్నూలు ఆసుపత్రిలో కాంపౌండరు పని నేర్చుకుంటున్నాను. నాయనను అక్కడికి పిలిపించుకున్నాను. డాక్టరుగారు గాజు గిన్నెలోని తెమడను వెలుతురుకు పట్టి చూసి, “మ్యూకాయిడ్” అన్నారు. తెమడైనా, విరేచనమైనా, చెవిలోంచి కారేదైనా, చీమూ నెత్తురూ లేకుండా ఉత్త జిగురులా ఉంటే డాక్టర్లు వాడే మాట అది. ఆ ఒక్క మాటతో క్షయ లేదని తేలిపోదు. అందుకని కొన్నాళ్లు వరసగా మైక్రోస్కోపు కింద పెట్టి వెతికారు. క్షయ పురుగు కనబడలేదు. దూది దుమ్ము ఒంటికి పడక వచ్చిన దగ్గేననీ, అంటుకునేది కాదనీ చెప్పి పంపారు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే, మా అమ్మ ఆ కొత్త మాటను నా చేత మళ్లీ మళ్లీ పలికించుకుంది. తర్వాత కొంగు దోపుకొని వీధిలోకి నడిచింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా ఆ రోజు ఆమె వాదించిన తీరు ఏ ప్లీడరుకూ రాదని ఇప్పటికీ అంటాను.

“మామా, మా ఇంటాయనది మ్యూకాయిడ్ అంట,” అని ఎదురింటి పెద్దాయనను నిలబెట్టి చెప్పింది. “ఉత్త జిగురు. చీమూ లేదు, నెత్తురూ లేదు. అద్దంలో పెట్టి చూసినా పురుగు లేదంట. అంటుకునేది కాదని డాక్టరే చెప్పినాడు. రేపు పొద్దున పడుగు చాస్తాండాం, రాండి.”

ఇల్లిల్లూ తిరిగి అదే చెప్పింది. ఆ మాటను బిరుదు చదివినట్టు చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, గర్వమూ కలిగింది.

తెల్లవారి పడుగు చాచాం. ఎదురింటి పెద్దాయన కుంచె పట్టుకొని గడప దాటాడు.

“శానా దినాలైంది మీ పడుగు ముట్టి,” అన్నాడు.

ఆయన వెనకే వీధంతా వచ్చింది. పని మధ్యలో నాయనకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అమ్మ తలెత్తి రెండు వరసలనూ చూసింది. ఒక్క కుంచె కూడా ఆగలేదు.