మీరా హుస్సేన్ సంతకం

మీరా హుస్సేన్ గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ గేటు గుమాస్తా. మిర్చి టిక్కీ వస్తే ఆ బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు తడిమితే తప్ప సంతకం పెట్టడు. పెట్టేముందు కాగితంలో మిగిలిన ఖాళీ జాగాను గీత గీసి కొట్టేస్తాడు. "ఏం భాయ్, మా కాయల్లో బాంబులేమన్నా దొరికినయ్యా?" అని రైతులు ఎగతాళి చేసినా నవ్వడు. ఇరవై ఏళ్ల కిందట, యుద్ధంలో ఓడిన ఒక ఎడారి దేశాన్ని ఆక్రమించి ఏలిన సైన్యానికి సరుకులందించే కాంట్రాక్టరు దగ్గర అతను స్టోర్ కీపరు. జీతం ఆపుతారని భయపడి ఖాళీ రసీదుల మీద సంతకాలు పెట్టాడు.

మొన్న ఇంటికి ఒకాయన వచ్చాడు. ఆ సైనిక పాలనలో లెక్క తేలని డబ్బు మీద విచారణకు వచ్చానన్నాడు. మూడొందల నీళ్ల ట్యాంకర్లు ముట్టినట్టున్న రసీదు చూపించి, "ఈ సంతకం మీదేనాండీ?" అని అడిగాడు. హుస్సేన్ అతని గుర్తింపు కార్డును వెలుతురుకెత్తి రెండువైపులా చూశాడు. ఇతను విచారణ మనిషా, తను నోరు విప్పుతాడేమో చూసి రమ్మని కాంట్రాక్టరు పంపిన మనిషా?

"నాది కాదని చెప్పెయ్యండి. కేసు మన మెడకు చుట్టుకుంటది," అంది భార్య జమీలా, తలుపు చాటునుంచి.

హుస్సేన్ ఆ రసీదు మీది సంతకం మీద వేలు పెట్టాడు. "సంతకం నాదేనండీ. ట్యాంకరు మాత్రం ఒక్కటీ రాలేదు. అక్కడి ఆడోళ్ళు బిందెలు పట్టుకుని మా స్టోరు గేటు దగ్గర పొద్దస్తమానం నిలబడేవాళ్ళు," అన్నాడు.

వచ్చినాయన ఆ మాటలు రాసి కాగితం ముందుకు జరిపాడు. అడుగున నాలుగు వేళ్ల జాగా ఖాళీగా ఉంది. హుస్సేన్ దాన్ని అంచు దాకా గీతతో కొట్టేసి, ఆ గీతకు ఆనించి సంతకం పెట్టాడు.