స్లేటు పలక మీద కొబ్బరికాయ

కోరుట్లలో ఇల్లు కట్టినప్పుడు, ముందు వరండా ఏటవాలు కప్పుకు స్లేటు రాతి పలకలే వేయాలని పట్టుబట్టాను. "రేకులు సాలవా?" అంది మా ఆవిడ. నేను వినలేదు. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మా బామ్మర్ది రమేశ్ జగిత్యాల రాళ్ల దుకాణానికి వచ్చి, ప్రతి పలకనూ వేలితో తట్టి, ఖంగుమని మోగినవే ఏరాడు.

మొదటి వరుస బిగించిన రోజు బంధువులంతా వచ్చారు. గడప ముందున్న రాయి మీద కొబ్బరికాయ కొట్టమన్నాడు మేస్త్రి. "మన కప్పే రాయి గదా!" అంటూ నేను నిచ్చెనెక్కి, కొత్త పలక మీదే బలంగా కొట్టాను. కాయకు గీతైనా పడలేదు. పలక రెండు ముక్కలైంది.

"గిదేం అపశకునం?" అన్నారు కింద ఎవరో. సిగ్గుతో నేను నోరు జారాను.

"గిసొంటి రాయి తెచ్చినవేంది రమేశ్?"

అందరూ అతన్నే చూశారు. అతను భోజనం చేయకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

మా ఆవిడ నాతో మాటలు మానేసింది. వారం తిరక్కుండానే సిరిసిల్ల వెళ్లాను. మగ్గాల చప్పుడులో, "తప్పు నాదే రమేశ్!" అన్నాను.

"ఇనబడ్తలేదు బావా!"

గొంతు చించుకుని అరిచాను. చెయ్యి చెవి దగ్గర పెట్టి మళ్లీ తల అడ్డంగా ఊపాడు. చివరికి నేను ఇంకోసారి అరుస్తుండగా పనివాళ్లే మగ్గాలు ఆపారు. నా అరుపు షెడ్డంతా మోగింది.

"గిప్పుడు ఇనబడ్డది," అని నవ్వాడు రమేశ్.

కోపంలో ఒకరి మీద వేసిన మాట తొందరగా ఊరు తిరుగుతుంది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి అంతకంటే గట్టిగా అరవాలి. ఆ రోజు షెడ్డులో లేని మా బంధువుల కోసం ఇక్కడ రాస్తున్నాను: రాయి మంచిదే.