దిమ్మలు తీసిన జీపు

మహబూబాబాద్ మెకానిక్ మొగిలి ఒంటరివాడు. బయ్యారం దగ్గరి వాగుకు వంతెన వేస్తామన్న మాట ప్రతి ఎన్నికలకూ వినిపించి మాయమయ్యేది. అందుకే వాగు దాటేందుకు అతను తన పాత ఫోర్‌వీల్ జీపుకు పెద్ద టైర్లు వేసి, అవి పట్టేలా చాసిస్ చట్రం మీద చెక్కదిమ్మలు పెట్టి బాడీని ఎత్తు చేసుకున్నాడు.

1983 వానాకాలానికి వాగవతలి అక్క పుష్పమ్మకు మోకాళ్లు పట్టేశాయి. తన ఇంటికి వచ్చేయమని మొగిలి అడిగితే, "నీ దగ్గరనే ఉంట గని, గా జీపు మంచె లెక్కున్నది, నేనెట్ల ఎక్కాలె తమ్మీ?" అన్నది.

ఆ మాటే చాలు. మొగిలి బోల్టులు విప్పి, బాడీని జాకీతో లేపి దిమ్మలన్నీ తీసేశాడు. చిన్న టైర్లు బిగించి, ముసురులోనే బయలుదేరాడు.

వాగు నిండుగా పారుతోంది. అవతలి గట్టున మూటతో నిలబడిన పుష్పమ్మ, "గిప్పుడు మంచిగున్నది, ఎక్కుత! జర ఇటు తే!" అని కేకేసింది.

పాత ఎత్తుంటే దాటగలిగే నీళ్లే. మొగిలి ఇంజన్ ఆపి, పక్కనున్న ఖాళీ సీటు వైపు చూడలేక, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.