చెయ్యెత్తితే ఆగే కారు

మా బడి ముందు బస్సు స్టేజీ లేదు. గిద్దలూరు నుంచి కంభం పోయే బస్సు బడి ఉన్న పల్లె దాటి అర మైలు అవతల ఆగుతుంది. నేను రోజూ అక్కడ దిగి వెనక్కి నడిచి వస్తాను. అలాంటిది మొన్న బుధవారం, మూడో తరగతి పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తుండగా బస్సు వచ్చి సరిగ్గా బడి ఎదుట ఆగింది. డ్రైవరు జనాన్నంతా లోపలే వదిలేసి, సీటు దిగి, చెప్పులు విప్పి వసారాలోకి వచ్చాడు.

"పంతులమ్మా, బస్సెక్కు. మీ మామ పోయినాడు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఎక్కడికి పోయినాడు?" అని అడిగాను. నిజంగానే అడిగాను. ఆదివారం కదా పోదామన్నారు, బుధవారమే ఎందుకు బయలుదేరారు, నన్ను వదిలిపెట్టి ఒక్కరే పోయారా అని కోపం కూడా వచ్చింది. డ్రైవరు తల వంచుకొని నిలబడ్డాడు. పిల్లలు పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయారు.

ఆ పొద్దున ఏడు గంటలకు ఆయన ఇంటి ముందు కారు బానెట్టు ఎత్తి రేడియేటరులో చెంబుతో నీళ్ళు పోస్తున్నారు. "అమ్మా, ఈ ఆదివారం పోదామా పచ్చర్లకు?" అన్నారు. నాకు బస్సు వేళ అయింది. చెప్పులు తొడుక్కుంటూ, తల తిప్పకుండా "చూద్దాంలే మామా" అన్నాను. పదకొండు గంటలకు కారు తుడిచి వచ్చి అరుగు మీద కూర్చొని మజ్జిగ అడిగారట. మా అత్త మజ్జిగ గ్లాసుతో వచ్చేసరికి గోడకు ఆనుకొని ఉన్నారట. నిద్రపోతున్నాడనుకొని ఆమె గ్లాసు పక్కన పెట్టి విసనకర్రతో విసరడం మొదలుపెట్టిందట. ఎంతసేపు విసిరిందో ఆమెకే తెలియదు. పన్నెండు రోజులయింది. ఇప్పటికీ ఆ బానెట్టు చప్పుడు వినబడినట్టై లేచి వాకిట్లోకి పోతున్నాను.

ఆయన మీకు పేరుతో తెలియకపోవచ్చు. కానీ నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం దారిలో ఆయన డ్రైవరుగా ఉన్న ముప్పై ఏళ్ళలో మీరు బస్సెక్కి ఉంటే ఆయన బండి ఎక్కే ఉంటారు. పొట్టి మనిషి. ఖాకీ కోటు, మెడకు తువ్వాలు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సుకు బొగ్గుల పొయ్యి కట్టి నడిపినవారు. నందికనుమ ఘాటు దగ్గర జనమంతా దిగి బస్సును తోసేవాళ్ళని, ఒక పెళ్ళివారి బస్సులో పెళ్ళికొడుకు కూడా దిగి తోసి, బాసికం నిండా మసితో పీటల మీద కూర్చున్నాడని చెప్పి ఆయనే ముందు నవ్వేవారు.

ఆయనకు ఒక్కటే సూత్రం. చెయ్యెత్తితే ఆపాలి. బస్సు నిండిపోయి జనం మెట్ల మీద వేలాడుతున్నా సరే ఆపేవారు. వెనక్కి తిరిగి, "జరగండమ్మా, ఇంకొకరు పడతారు" అనేవారు. యజమాని ఎన్నిసార్లు తిట్టినా ఆ అలవాటు పోలేదు.

పని మానేసిన ఏడాది ఆయనకు ఈ కారు దొరికింది. అడవి ఆఫీసు వెనక షెడ్డులో, తెల్లదొర ఎవరో వదిలిపోయిన కారు. చక్రాలు మట్టిలో కూరుకుపోయి, వెనక సీట్లో కోళ్ళు పొదుగుతూ ఉండేవి. దాన్ని రెండు జతల ఎద్దులతో ఇంటికి లాక్కొచ్చారు. ఊరంతా వెంట నడిచింది. నేనప్పటికి కొత్త కోడల్ని. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా, మాట పడే మనిషి కాదు. ఆయన సిగ్గుతో రెండు రోజులు పెరటి గుమ్మం నుంచే ఆఫీసుకు పోయాడు.

మూడేళ్ళు పట్టింది దానికి ప్రాణం రావడానికి. విరిగిన చెక్కల చోట బండ్లు చేసే వడ్రంగి మద్దికర్రతో కొత్తవి చేశాడు. కమ్మరి కొలిమి దగ్గర మా మామ రోజంతా గొంతుకూర్చుని, అరిగిపోయిన సామాన్లు మళ్ళీ మళ్ళీ కొట్టించుకున్నారు. సీట్లలోకి అడవి నుంచి బూరుగు దూది వచ్చింది. పై గుడ్డ కుట్టింది నేనే. సూది దిగక వేళ్ళు పుళ్ళు పడి ఆయన మీద అరిచాను కూడా. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన మరుసటి రోజు వేలికి తొడుక్కోవడానికి ఒక తోలు తొడుగు కుట్టి తెచ్చి, సూదిపెట్టె పక్కన పెట్టి వెళ్ళిపోయారు. చివరికి ఒక ఉదయం హ్యాండిలు తిప్పితే ఇంజను పలికింది. వీధి వీధంతా ఉలిక్కిపడింది. మా మామ తువ్వాలుతో కళ్ళు తుడుచుకొని, అది పొగ వల్లేనన్నారు.

ఇక్కడ మీకొక విచిత్రం చెప్పాలి. ముప్పై ఏళ్ళు కండక్టరు మాట మీద బండి నడిపిన మనిషి కదా, వెనక నుంచి ఎవరైనా "రైట్" అనకపోతే ఆయన కాలు కదిలేది కాదు. ఇంజను పాడుతూ ఉంటుంది, ఆయన చక్రం పట్టుకొని ఎదురు చూస్తూ ఉంటారు. సొంత కారులోనూ అంతే. మామ పక్కన కోడలు కూర్చోకూడదు గనక నేను వెనక సీట్లో కూర్చునేదాన్ని, "రైట్" చెప్పే పని నాది. అంతేకాదు, ప్రతి బస్సు స్టేజీ దగ్గరా కారు తనంతట తానే ఆగేది. ఎవరు నిలబడి ఉంటే వాళ్ళు ఎక్కేవారు. కంభం సంతకు ఒక చీర కొందామని పోతే నా ఒళ్ళో ఎవరిదో మేకపిల్ల.

రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఫలానా రోజు సాయంత్రం అయిదు లోగా అసలు సర్టిఫికెట్లతో కర్నూలు ఆఫీసులో కనబడాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరిది. మా పుట్టింట్లో, అత్తింట్లో జీతం తెచ్చుకున్న ఆడది అంతవరకూ లేదు. ఆ కాగితం నేను దిండు కింద పెట్టుకొని పడుకునేదాన్ని. మా ఆయనకు సెలవు దొరకలేదు. రైల్లో పోతానన్నాను. మా మామ ముఖం చిన్నబోయింది.

"కారుండగా రైలేందమ్మా? కొత్త పంతులమ్మను నేను దించి వస్తా" అన్నారు.

కారు అంతవరకూ కంభం కన్నా దూరం పోలేదు. కర్నూలు ఎనభై మైళ్ళ పైన. అయినా కాదనలేకపోయాను. తొలికోడి కూయగానే నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, నేను "రైట్" అంటే బయలుదేరాం. ప్రతి స్టేజీలోనూ ఆగాం. పొలాలకు పోయేవాళ్ళు ఎక్కారు, దిగారు. దిగువమెట్ట చేరేసరికే ఎండ ముదిరింది. అక్కడ ఒకసారి టైరు గాలి పోయింది. అది సర్దుకొని ఘాటెక్కేసరికి నేను లోలోపల ఏడుస్తున్నాను.

పచ్చర్లకు కొంచెం ఇవతల, మలుపు తిరగగానే, ఒక ఆడమనిషి దారి పక్కన చెయ్యెత్తి నిలబడి ఉంది. చంకలో బిడ్డ. పక్కన నేల మీద ఒక మగమనిషి మోకాళ్ళ మీద తల పెట్టుకొని కూర్చున్నాడు. కారు నెమ్మదించింది. నా పక్కన సీటంతా ఖాళీగానే ఉంది. ఒక్క రేకుపెట్టె, నా సర్టిఫికెట్ల సంచి. అంతే.

నా నోట్లోంచి "రైట్, రైట్!" అని వచ్చేసింది.

ఆయన ఆలోచించలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ మాట వింటే ఆ కాలు చేసే పని ఒక్కటే. కారు ముందుకు దూకింది. దుమ్ములో ఆ చెయ్యి ఇంకా ఎత్తే ఉండడం నేను వెనక్కి తిరిగి చూశాను.

మైలున్నర దాకా ఆయన కారు అలాగే నడిపారు. మెడ వెనక చెమట కారుతోంది. ఒకచోట దారి కాస్త వెడల్పయింది. అక్కడ కారు ఆపి, మెల్లగా, ముందుకూ వెనక్కూ నాలుగైదు సార్లు తిప్పి, వచ్చిన దారిన మళ్ళించారు. నేను "మామా, టైము, మామా" అని గోల పెట్టాను. ఆయన "పోయి వస్తామమ్మా" అన్నారంతే. మలుపు దగ్గరికి వచ్చాం. అక్కడ ఎవరూ లేరు. దిగి హారను బుడగ నొక్కుతూ అటూ ఇటూ నడిచారు. చెట్లలోకి పోయి కేకలేశారు. ఇంకో బండి వచ్చిన జాడ లేదు, ఒక్క చక్రం గుర్తు కూడా మాది తప్ప లేదు. ఆ ముగ్గురూ ఏమైపోయారో ఇవాళ్టికీ తెలియదు.

తిరిగి వచ్చి ఆయన సీట్లో కూర్చున్నారు. ఇంజను ఆడుతోంది. నేను "రైట్" అనలేకపోయాను. చాలాసేపటికి ఆయనే, తనలో తాను, "రైట్" అనుకొని కదిలారు.

కర్నూలు ఆఫీసు చేరేసరికి అయిదుంపావు. గదికి తాళం. ఆఫీసరుగారు జట్కా ఎక్కి వీధిలోకి వచ్చేశారు. నేను మెట్ల మీద కూలబడ్డాను. మా మామ మాత్రం పరుగున పోయి, దారి పక్కన నిలబడి, చెయ్యెత్తారు. అరవలేదు, అడ్డం పడలేదు. పైనుంచి కింద దాకా దుమ్ము కొట్టుకున్న ఖాకీ కోటుతో, ఒక చెయ్యి పైకెత్తి, స్టేజీలో నిలబడినట్టు నిలబడ్డారు.

జట్కా ఆగింది.

"ఏందయ్యా?" అన్నారు ఆఫీసరుగారు.

"మా కోడలు సార్. ఘాటు దాటి వచ్చింది. ఆలస్యం ఆ పిల్లది కాదు, నాది."

ఆయన విసుక్కుంటూనే దిగి, తాళం తీయించి, సంతకం పెట్టారు. బయటికి వచ్చాక మా మామ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "ఆయన ఆగినాడు గదమ్మా" అన్నారు. దెప్పడానికి అన్నది కాదు, ఆ సంగతి నాకు తెలుసు. నిజంగా ఆశ్చర్యపోయి అన్నారు. ఆ మాట నాకు చెంపదెబ్బ కన్నా ఎక్కువగా తగిలింది. ఆ రోజు నుంచి ఆ కారులో నేను "రైట్" చెప్పలేదు. ఆయనా అడగలేదు. పక్కన ఎవరుంటే వాళ్ళ చేత చెప్పించుకునేవారు.

పచ్చర్ల మాత్రం ఆయన్ను వదల్లేదు. అటునుంచి తేనె, కుంకుడుకాయలు తెచ్చేవాళ్ళు ఎవరు కనబడినా ఆరా తీసేవారు. "చంకలో బిడ్డున్న ఆయమ్మ. మొగుడికి పానం బాగలేదేమో. విన్నారా?" ఎవరూ వినలేదు. ఒకసారి మనమే పోయి ఇల్లిల్లూ అడుగుదామని నన్ను రమ్మనేవారు. "నువ్వు చూసినావు గదా ముఖం, నేను రోడ్డు చూస్తాంటి" అనేవారు. దసరాకు పోదామన్నాను. తరువాత వేసవి సెలవులన్నాను. నాకు భయం. ఆ మనిషి బతికి లేడని ఎవరైనా చెబితే నేను ఈ జీతం ఏ ముఖంతో తీసుకోవాలి? ఆ భయం ఆయనకు ఒక్కనాడైనా చెప్పి ఉంటే బాగుండేది. "చూద్దాంలే మామా" అన్నాను. చెప్పులు తొడుక్కుంటూ అన్నాను.

పాడె మా ఇంటి ముందు నుంచి లేచి, బస్సు స్టేజీ దాకా పోయాక అక్కడ దింపారు. దింపుడు కళ్ళం అక్కడే పెట్టుకుందామని మోసేవాళ్ళలో ఎవరన్నారో తెలియదు. పోయినవారిలో ప్రాణం ఏమన్నా మిగిలి ఉంటుందేమోనని మూడుసార్లు చెవిలో పిలిచి చూస్తారు. అరుగు మీద నుంచి నాకు అంతా కనబడుతోంది. మా ఆయన వంగి "నాయనా, నాయనా, నాయనా" అని పిలిచాడు. ఒట్టు, లేస్తారనే అనుకున్నాను. ఆ పిలుపు పనికిరాదు, వెనక నుంచి ఎవరైనా ఆ ఒక్క మాట అంటే కదులుతారు, అది చెప్పాల్సింది నేను, అని గొంతు దాకా వచ్చింది. అరుగు స్తంభం పట్టుకొని నిలబడిపోయాను. నంద్యాల నుంచి వచ్చే బస్సు దూరంగానే ఆగింది. పాడె మళ్ళీ లేచి, మలుపు తిరిగేదాకా అక్కడే ఉంది.

నిన్న మా ఊరి సంత. పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం వాకిలి ఊడ్చడానికి బయటికి వస్తే, కారు వెనక సీట్లో ఎవరో ఉన్నారు. దిగువమెట్ట అవ్వ. అడవిలో ఏరుకున్న కుంకుడుకాయలు సంతకు తెచ్చి అమ్ముకొని, తిరిగి పోయేటప్పుడు మా మామ కారులోనే పోతుంది. పోయిన సంతకు రాలేదు గనక ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఖాళీ గోనె, ఉప్పు మూట పక్కన పెట్టుకొని నిమ్మళంగా కూర్చొని ఉంది.

"ఇంగా రాలేదేందమ్మా పెద్దాయన? ఎండ పొద్దు వాలతాంది" అంది.

చెప్పాలని దగ్గరికి పోయాను. తలుపు పట్టుకున్నాను. నేనూ ఎక్కడానికే వచ్చాననుకొని, ఆమె ఉప్పు మూట ఒళ్ళోకి లాక్కొని, "రా తల్లీ, ఇంకొకరు పడతారు" అంటూ జరిగి చోటిచ్చింది.

ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం ముందున్న ఖాళీ సీటు వైపు చూశాం.