లేడీస్ వాష్‌రూమ్‌లో కుంపటి

మొన్న గురువారం నేను చేసిన ఘనకార్యం విన్నారా? మా లైన్లో టీ కొట్టు అబ్బాయి దగ్గర్నుంచి కింద కోచింగ్ సెంటర్ సార్ దాకా అందరికీ తెలిసిపోయింది, మీకింకా చేరలేదంటే ఆశ్చర్యమే! సరే, టీ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వేయండి, నేనేం అనుకోను.

మాది అమీర్‌పేట మెట్రోకి దగ్గర్లో, మొదటి అంతస్తులో చిన్న హోటల్. ఈమధ్య మావారు టేబుల్ గ్రిల్ మొదలుపెట్టారు. అంటే ఏం లేదండి, టేబుల్ మధ్యలో బొగ్గుల కుంపటి పెడితే కస్టమర్లే చికెన్ ముక్కలు కాల్చుకుని తింటారు. తణుకులో మా అమ్మమ్మ వంకాయ కాల్చిన కుంపటే! ఏసీలో పెట్టి ఇంగ్లీషు పేరు పెట్టేసరికి సోమాజిగూడ ఆఫీసుల వాళ్లు టేబుల్ బుక్ చేసుకుని మరీ వస్తున్నారు. ఇప్పుడు మా గిరాకీ అంతా దాని పుణ్యమే.

పోయిన వారం ఆ టేబుళ్ల పైన ఇంతేసి రేకు గొట్టాలు పెట్టించారు. "హాలు అందమంతా పోయింది, ఏంటండీ ఇవి?" అన్నాను. "పొగ లాగడానికిలే" అని ఊరుకున్నారు. మావారు అంతే. ఏ పనైనా పూర్తయ్యేదాకా పెళ్లానికి కూడా చెప్పరు. ముందే చెబితే దిష్టి తగులుతుందట!

గురువారం మధ్యాహ్నం ఆయన మంటలార్పే సిలిండర్లన్నీ ఆటోలో వేసుకుని, మళ్లీ నింపించుకొస్తానని పంజగుట్ట వెళ్లారు. కౌంటర్లో నేను కూర్చున్నాను. ఒక్క గ్రిల్ టేబుల్ నడుస్తోంది, ఎవరిదో ప్రమోషన్ పార్టీ. ఇంతలో మా వంటమాస్టర్ యాదగిరి మెట్ల మీంచి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా! ఫైర్ సార్ వచ్చిండు! కింద జీపు ఆపిండు!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే ముందు రోజే హోటళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: హాల్లో బొగ్గుల కుంపటి కనిపిస్తే హోటల్‌కి సీలే, మాటల్లేవ్ అని. నిజమో కాదో ఎవరు చూడొచ్చారు? నేనైతే నమ్మేసి నలుగురికీ ఫార్వర్డ్ కూడా చేశాను. ఇప్పుడు తాళం పడితే ఇన్నేళ్ల కష్టం ఏమైపోవాలి?

"యాదగిరీ, ఆ కుంపటి ఎత్తు!"

"నిప్పులు మస్తున్నయక్కా, యాడ పెట్టాలె?"

ఎక్కడ పెట్టాలి? కిచెన్ చూస్తాడు. స్టోర్ రూమ్ చూస్తాడు. మగాడు తలుపు తీయని చోటు ఏది? టక్కున వెలిగింది. లేడీస్ వాష్‌రూమ్! ఆ క్షణంలో నా తెలివికి నాకే ముద్దొచ్చింది.

పార్టీ వాళ్లు అప్పుడే ముక్కలు ఊచలకు గుచ్చి కాల్చబోతున్నారు. వాళ్ల ముందు నుంచి కుంపటి లాగేశాం. "మేడం, మా కబాబ్!" అని ఒకతను లేచాడు. "ఒక్క నిమిషం బాబూ" అంటూనే గుడ్డలు చుట్టి చెరో పక్కా పట్టుకుని నడిచాం. గుండెల మీద కుంపటి అంటారే, అది నాకు ఆ రోజు అనుభవానికొచ్చింది. లోపల పెట్టి, పొగ మెట్ల వైపు పోకుండా ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేశాను. కిటికీ మూశాను. తలుపు కింద టవల్ దోపి, 'పనిచేయుట లేదు' బోర్డు తగిలించాను. ఇంకేం, అంతా పకడ్బందీ!

ఫైర్ ఆఫీసరు నవ్వుతూ లోపలికొచ్చారు. "నమస్తే మేడం. గ్రిల్ టేబుళ్లు యాడున్నయ్?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం నా దగ్గరే నేర్చుకోవాలి. "గ్రిల్లా? మా దగ్గర అలాంటివేం లేవు సార్! అసలు ఎప్పుడూ లేవు!"

"మరి గీ గొట్టాలెందుకు?"

"డెకరేషన్ సార్."

ఆయన పార్టీ టేబుల్ వైపు తిరిగారు. పాపం, వాళ్లు పచ్చి చికెన్ గుచ్చిన ఊచలు పట్టుకుని అలాగే కూర్చున్నారు.

"మరి ఈ సార్లు?"

"డైటింగ్‌లో ఉన్నారు సార్."

ఆఫీసరు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మేడం, మీ సారే పొద్దుగాల ఫోన్ చేసి నన్ను రమ్మన్నడు. గొట్టాలు పెట్టిచ్చినం, చూసి పాస్ చెయ్యిండ్రి అన్నడు. పొగ, గ్యాసు బయటికి పోయే ఏర్పాటు సక్కగ ఉంటే మాకేం ఇబ్బంది లేదు. గాలాడని కాడ పెడితేనే వద్దంటం. జర కుంపటి వెలిగించి చూపెట్టుండ్రి, చూసి పోత."

చూశారా, మావారి దిష్టి భయం నన్నెక్కడికి తెచ్చిందో! అసలు లేనే లేవన్న కుంపటి ఇప్పుడు ఎక్కణ్నుంచి తేను? నేను ఊరికే కౌంటర్ తుడుస్తుంటే, వెనక టేబుల్లో భోంచేస్తున్న ఒక పెద్దావిడ చెయ్యి కడుక్కోవడానికి వెళ్లి తిరిగొచ్చింది.

"ఏమ్మా, మీ బాత్రూంలో ఎవరైనా వంట చేస్తున్నారా? తలుపు సందులోంచి పొగొస్తోంది."

"సాంబ్రాణి సార్!" అన్నాను, ఎవరూ అడక్కుండానే. "గురువారం కదా..."

"బాత్రూంలనా?" ఆఫీసరు లేచారు. "నిప్పు లేంది పొగ రాదు మేడం, జరుగుండ్రి."

ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని తలుపు బార్లా తీశారు. ఫ్యాన్ వేశారు, కిటికీ తెరిచారు. మమ్మల్నెవర్నీ దగ్గరికి రానివ్వలేదు. "ఇసుక బకెట్ తెండ్రి!" అని కేకేశారు. యాదగిరి ఎర్ర బకెట్ పట్టుకొచ్చాడు. అందులో నిండా పుదీనా! ఏం చేయనండీ, మంచి ఇసుక ఊరికే పడుందని నేనే నాటాను. ఆయన పుదీనాని చూశారు, నన్ను చూశారు, మొక్కలతో సహా కుంపటి మీద బోర్లించారు.

తర్వాత ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "మేడం, మూసిన రూముల బొగ్గులుంటే వచ్చే గ్యాసుకు వాసనుండదు. నిద్రొచ్చినట్టు పడిపోతరు, మళ్ల లేవరు. గా పెద్దమ్మ బోర్డు చూడకుంట లోపలికి పోయుంటే?" అన్నారంతే. ఆ పెద్దావిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడే నన్ను ఓదార్చి, మంచినీళ్లు తాగించింది.

సరిగ్గా అప్పుడే మావారు రెండు సిలిండర్లు చంకన పెట్టుకుని మెట్లెక్కారు. లేడీస్ వాష్‌రూమ్‌లో ఆఫీసరు, ఏడుస్తూ నేను, పచ్చి చికెన్ పట్టుకుని పార్టీ వాళ్లు. "ఏమైంది?" అన్నారు.

"ఏం లేదన్నా" అన్నాడు యాదగిరి. "గొట్టం లేని కాడ కుంపటి పెడితే ఎట్లుంటదో అక్క సార్‌కు చూపెట్టింది."

చివరికి ఇంకో కుంపటి తెచ్చి గొట్టం కింద వెలిగించాం. పొగ చక్కగా పైకి లాగేసింది. పార్టీ వాళ్ల కబాబ్ కూడా కాలింది. ఆఫీసరు పాస్ అన్నారు కానీ, ఒక కండిషన్ పెట్టారు. హోటల్ నుంచి ఒకరు ఫైర్ సేఫ్టీ ట్రైనింగ్‌కి వెళ్లి రావాలి. మావారు వెంటనే యాదగిరిని ముందుకు తోశారు.

"ఆయనొద్దు, మేడంను పంపుండ్రి" అన్నారు ఆఫీసరు, మెట్లు దిగుతూ. "హోటళ్లల్ల నిప్పు యాడ యాడ దాస్తరో మాకు సుత తెలుస్తది."

సోమవారం నుంచి నాకు క్లాసులు. వినడానికి పిలిచారో, చెప్పడానికి పిలిచారో మాత్రం ఇంకా అర్థం కాలేదు!