ఉతైకి ఒక్కటే గడి

రాష్ట్రం ఏర్పడిన మూడో ఏడు జూన్‌లో, భిలాయి నెహ్రూ నగర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో నేను సీనియర్ ప్రోగ్రామర్‌ని. ఒక ప్రైవేటు నర్సింగ్ పాఠశాల ప్రవేశ దరఖాస్తును వెబ్‌లో తయారుచేసే పని నాకు అప్పగించారు. ఆ ఏడు కాగితం దరఖాస్తులు తీసుకోబోమని పాఠశాల ముందే ప్రకటించింది.

అభ్యర్థి కోర్సు ఎంచుకోగానే అది నడిచే కేంద్రాలు తెరమీదికి వస్తాయి. ఒక్కో కేంద్రం పక్కన చెక్‌బాక్స్ అనే చిన్న గడి. కనీసం ఒకదానిలో టిక్కు ఉండాలి. ఉందో లేదో చూసే ప్రోగ్రామును వ్యాలిడేషన్ అంటాం. డిప్లొమాకు మూడు కేంద్రాలు. సహాయక నర్సు కోర్సుకు ఉతై అనే ఊళ్లోని కేంద్రం ఒక్కటే. పరీక్షించిన ప్రతిసారీ నేను డిప్లొమానే ఎంచుకున్నాను. జాబితాలో అదే ముందుండేది.

గడువు చివరి రోజు మధ్యాహ్నం, చరోదా రైల్వే యార్డులో పాయింట్స్‌మన్‌గా పనిచేసే యేసురత్నం గారు కూతురు మెర్సీని వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. వయోపరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం.

"టిక్కు పెడితే పెట్టనేదంతాది బాబూ. ఏటిది? సిగ్నలిస్తే మా గూడ్సు బండైనా కదుల్తాది, మీ గడి కదల్దేటి?"

వారి ఎదుటే ఫారం తెరిచి, అలవాటుగా డిప్లొమా ఎంచుకుని పంపాను. వెళ్లింది.

"మాది ఉతై కోర్సు భయ్యా," అంది మెర్సీ.

"ఫారం ఒకటేనమ్మా. టిక్కు పెట్టడమే రాకపోతే రేపు ఇంజెక్షన్ ఏం ఇస్తావు?" అన్నాను. పక్క సీట్లవాళ్లు నవ్వారు.

"పెట్టాను భయ్యా. సచ్చీ, నిజంగా."

వాళ్లు ఫారం నింపిన ఇంటర్నెట్ సెంటర్‌కే తిరిగి వెళ్లమన్నాను.

వారం తర్వాత చూస్తే ఉతైకి ఒక్క దరఖాస్తూ రాలేదు. అప్పుడు కోడు తెరిచాను. గడులు ఎక్కువుంటే బ్రౌజరు వాటిని జాబితాగా ఇస్తుంది. ఒక్కటే ఉంటే జాబితా ఉండదు. నా ప్రోగ్రాము జాబితా పొడవు, అంటే అందులో ఎన్ని గడులున్నాయని, అడిగేది. అది దొరకక, గడివైపు చూడకుండానే టిక్కు లేదని తేల్చేది. సవరణకు ఒక్క వరుస సరిపోయింది.

మేనేజరుకు చెప్పాను. "యూజర్ మిస్టేక్ లిఖ్ దో, బాత్ ఖతమ్," అన్నారాయన. తప్పు నింపినవారిదేనని పాఠశాలకు నివేదిక రాసి సంతకం పెట్టాను. దరఖాస్తులు లేవని పాఠశాల ఆ ఏడు ఉతై కోర్సు రద్దు చేసింది. అడగడానికి వెళ్లిన యేసురత్నం గారికి నా నివేదికే చూపించారట.

రెండేళ్లకు ఆయన బజారులో ఎదురుపడ్డారు. "మా పిల్లే సరిగ్గా నొక్కనేదు బాబూ. ఆ రోజు మిమ్మల్ని ఊరికే మాటన్నాను, ఏటీ అనుకోకండి," అన్నారు. అప్పుడూ నేను నిజం చెప్పలేదు.

ఆ తర్వాత, ఈమధ్య ఉద్యోగం వదిలేదాకా, ప్రతి ఫారాన్నీ ముందు ఒక్క గడితో పరీక్షించాను. ఫిర్యాదును ఫిర్యాదుదారు నింపిన ఫారంతోనే పరీక్షించాలని నేర్చుకున్నాను. దానివల్ల ఆ నివేదిక మారలేదు. అది ఇప్పటికీ ఏదో ఫైలులో నా సంతకంతోనే ఉండి ఉంటుంది. అందులో రాసింది అబద్ధం. మెర్సీ టిక్కు పెట్టింది.