పాయసం దాకా చదివాను

తొంభైల్లో పటేల్‌గూడలో ఉండేవాళ్లం. మగవాళ్లు ఫ్యాక్టరీకి వెళ్లాక మేం ఏడుగురు ఆడవాళ్లం నెలకో నవల చర్చించుకునేవాళ్లం. చర్చ ఎవరింట్లో ఉంటే వాళ్లు ఆ నవలలోని వంటకం వండాలి.

నా వంతు వచ్చేసరికి నవల సగమే అయింది. అందులో కథానాయిక మొగుడికి చేసిపెట్టే సేమ్యా పాయసం వండాను. అందరూ రెండేసి గిన్నెలు తింటూ ముగింపును తెగ మెచ్చుకున్నారు. నేనింకా ఎక్కువ మెచ్చుకున్నాను.

మధ్యాహ్నాలు నా పుస్తకం తీసి చదువుకునే మా అత్తమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది.

"గీ పాయసంల విషం కలిపే గద గామె ఆఖర్ల మొగుణ్ణి సంపింది. మీరు గింత ఇష్టంగ ఎట్ల తింటున్రు?"

ఏడు చెంచాలూ ఆగిపోయాయి.

ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. నవల మాత్రం సగంలోనే ఉంది. ముగింపు తెలిసిపోయింది కదా.